బడిలో ఓటు పాఠము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పాఠశాలలలో బాలబాలికలకు ఓటును గూర్చి నేర్పవలెనన్న, వేలికి సిరా పూసి పెట్టెలో చీటీ వేయించిన చాలదు. ఎన్నికల సంఘము 2018లో ఆరంభించిన ఎన్నికల అక్షరాస్యతా సంఘములు ఆటల మూలమున ఈ విద్యకు పూనుకొన్నవి, మంచిదే. కాని ఓటు వేయు విధము తెలిసినవానికి ఓటు దేనికో తెలిసినదని యెట్లనగలము?

ఉపాధ్యాయుడు ఇట్లొక ఆట ఆడింపవచ్చును. ఒక్కొక్కరికి పది చింతగింజలిచ్చి, తోచినన్ని కుండలో గుట్టుగా వేయుమనవలెను. కుండలో పడినదానిని రెట్టింపు చేసి అందరికిని సమముగా పంచవలెను. అందరును పదేసి వేసిన, తలకు ఇరువది వచ్చును. ఏమియు వేయనివాడో, తన పదియు దాచుకొని పాలును పొందును! వాని నేర్పు చూచి మరునాడు పలువురు చేయి ముడుతురు. కొలదినాళ్లకే కుండ అడుగు కనబడును. అప్పుడు కట్టుబాటేదో పిల్లలే యోచించి, రహస్యముగా ఓటు వేసి తేల్చుకొని, మరల ఆడవలెను. ఓటు పుట్టుచోటదియే.

పెద్దలకిది క్రొత్త ఆట కాదు. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలినది మొదలు ఎడమకాలువ క్రింద ఆడుచున్నదే. పైతూము వారు హద్దు మీరి పారించుకొన్న, చివరి భూములకు మిగులునదేమి? మోటారు పెట్టి కాలువనీరు తోడుకొను ఆసామి, తన కుమారుడు గింజలు దాచుట ఎచ్చట నేర్చెనని ఉపాధ్యాయుని అడుగజాలునా?

పై తరగతులకు 1996 నాటి కథ చెప్పవలెను. ఫ్లోరైడు నీటివలన ఎముకలు వంగిన జనుల మొర దేశమునకు వినబడుటకై, నల్లగొండ లోక్‌సభ స్థానమునకు 480 మంది అభ్యర్థులైరి. (నేడీ మూడు పట్టణములును ఆ నియోజకవర్గములోనివే.) వారు కోరినది గెలుపు కాదు, త్రాగునీరు. సాధారణ అభ్యర్థి ధరావతు ఆనాడు 500 రూపాయలు. ఆ యెన్నికల పిమ్మట అదే యేడు చట్టము దానిని 10,000 చేసినది. ఎన్నిక సక్రమముగా సాగుటకది అవసరమా, లేక మొర చెప్పుకొను ద్వారమును మూయుటయా? బాలురు రెండు పక్షములై వాదింపవలెను.

జనవరి 25న ఓటరుల దినమని ప్రతిజ్ఞ చదివించి ఇండ్లకు పంపు పాఠశాలలు ఆ గంటను దీనికీయవచ్చును. ఖర్చు కొన్ని గుప్పిళ్ల చింతగింజలు.