వాచీలో 112, మనిషికేమో ఒళ్లంతా చెమటలు: ఇండోర్ సైక్లింగ్ చేయించే ముందు తెలియాల్సిన సంగతులు

మాది చెవిటికల్లు. కంచికచర్ల దాకా వెళ్లి హైవే ఎక్కితే లారీల మధ్య సైకిల్ తొక్కడం కష్టం. మే నెలలో అయితే నందిగామ, జగ్గయ్యపేట వైపు 45 డిగ్రీలు తాకడం కొత్తేమీ కాదు. అందుకే ఇంటి వెనక గదిలో స్మార్ట్ ట్రైనర్ మీద సైకిల్ బిగించా. ఫోన్‌లో యాప్, చేతికి వాచీ. నెల తిరిగేసరికి ఇద్దరు ఫ్రెండ్స్, మా బాబాయి కూడా వంతులేసుకుని తొక్కడం మొదలుపెట్టారు. అలా తెలియకుండానే నేను వాళ్లకి ఇన్‌స్ట్రక్టర్‌ని అయిపోయా.

ఒకరోజు బాబాయి తొక్కుతున్నాడు. వయసు 52. 220లోంచి వయసు తీసేస్తే 168. అందులో 75 నుంచి 80 శాతం అంటే 126 నుంచి 134. వాచీలో మాత్రం 112 దగ్గరే ఆగిపోయింది. "ఇంకా పెంచు బాబాయ్, జోన్‌లోకే రాలేదు" అన్నా. "నా వల్ల కావట్లేదురా" అన్నాడు. నేను వాచీనే నమ్మా. ఇంకో రెండు నిమిషాలకి ఆపేసి దిగాడు, దిగగానే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాడు.

పెద్ద ప్రమాదమేమీ జరగలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న "ఏం టాబ్లెట్లు వాడుతున్నారు?" అని. బాబాయి బీపీకి వాడేది బీటా బ్లాకర్. నేను అడగాల్సిన ప్రశ్న అదే, అడగలేదు. ఆ తర్వాతే కూర్చుని ఈ సంగతులన్నీ చదివా. ఇంట్లోనో జిమ్‌లోనో పక్కవాళ్ల చేత సైకిల్ తొక్కిస్తున్న వాళ్లెవరికైనా ఇవి తెలియాలి.

1. ఆ 112 తప్పా?

తప్పు కాకపోవచ్చు. కష్టపడినప్పుడు అడ్రినలిన్ గుండెను వేగంగా కొట్టుకోమంటుంది. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు గుండె మీద ఆ సిగ్నల్ అందుకునే చోటును మూసేస్తాయి. దాంతో మనిషి పూర్తి శక్తితో తొక్కుతున్నా హార్ట్ రేట్ మామూలుగా పెరగదు. అలాంటి వాళ్లకి వయసు లెక్కతో వేసిన జోన్లు పనికిరావు.

టాబ్లెట్లు వాడని వాళ్లకి కూడా ఆ ఫార్ములా ఒక అంచనా మాత్రమే. 2001లో వచ్చిన ఇంకో ఫార్ములా ప్రకారం 208లోంచి వయసులో 0.7 వంతు తీసేయాలి. 24 ఏళ్ల కుర్రాడికి మొదటి లెక్కలో 196, రెండో లెక్కలో 191 వస్తుంది. ఏది వాడినా అసలు మనిషికి 10, 12 బీట్లు అటూ ఇటూ ఉండటం మామూలే. యాప్ వేసే రంగురంగుల జోన్లన్నీ ఇలాంటి అంచనా మీదే నిలబడి ఉంటాయి.

2. వాచీ అసలు ఏం చూస్తుంది?

వాచీ కింద మెరిసే పచ్చ లైటును రక్తం పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద రక్తం కొంచెం పెరిగి తగ్గుతుంది, తిరిగొచ్చే వెలుగు కూడా అలాగే మారుతుంది. సెన్సర్ లెక్కపెట్టేది దీన్నే. హ్యాండిల్ గట్టిగా పట్టుకుని మణికట్టు వంచితే, పట్టీ వదులుగా ఉంటే రీడింగ్ చెడిపోతుంది. 30 సెకన్ల స్ప్రింట్‌లో అయితే నంబర్ పెరిగేలోపే స్ప్రింట్ అయిపోతుంది.

చెస్ట్ స్ట్రాప్ మాత్రం ఈసీజీ లాగా గుండె నుంచి వచ్చే విద్యుత్ సిగ్నల్‌నే పట్టుకుంటుంది. ఇంటర్వెల్స్‌కి అదే బెటర్. వాచీనే వాడాలంటే మణికట్టు ఎముకకి రెండు వేళ్ల పైన, కదలకుండా బిగించి పెట్టండి.

3. అదే వాట్లు, హార్ట్ రేట్ మాత్రం పైకి. ఎందుకు?

గుండె నిమిషానికి పంపే రక్తం అంటే, ఒక్కో బీట్‌కి పంపేది ఇంటూ నిమిషానికి కొట్టుకునే బీట్లు. ఊరికే కూర్చున్నప్పుడు 70 మిల్లీలీటర్లు, 70 బీట్లు అనుకుంటే దాదాపు 5 లీటర్లు. ఆరోగ్యంగా ఉన్న యువకుడు గట్టిగా తొక్కితే ఇది 20 లీటర్ల దాకా వెళ్తుంది.

ఇక్కడ మన ఎండ అడ్డుపడుతుంది. మనం ఖర్చు చేసే శక్తిలో పెడల్‌కి చేరేది సుమారు 20 నుంచి 25 శాతమే, మిగతాదంతా వేడి. పెడల్ మీద 150 వాట్లు కనిపిస్తుంటే ఒంట్లో 450 వాట్లకి పైగా వేడి పుడుతోందన్నమాట. రోడ్డు మీద గాలి ఆ వేడిని తీసుకెళ్తుంది, గదిలో తీసుకెళ్లదు. శరీరం చల్లబడటానికి చర్మానికి ఎక్కువ రక్తం పంపాలి. చెమట వల్ల రక్తంలో నీరు కూడా తగ్గుతుంది. ఒక్కో బీట్‌కి వెళ్లే రక్తం తగ్గేసరికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుని సర్దుకుంటుంది. అరగంట తర్వాత అదే 150 వాట్లకి హార్ట్ రేట్ పైకి పాకేది అందుకే. కాబట్టి ట్రైనర్ తర్వాత కొనాల్సిన మొదటి గాడ్జెట్ పెద్ద ఫ్యాన్.

4. మోకాలి నొప్పి వస్తే సీటు చూడండి

పెడల్‌ని కిందికి తొక్కే బలం ఎక్కువగా తొడ ముందు కండరాలు, పిరుదు కండరాలదే. పిక్క కండరాలు పాదాన్ని గట్టిగా నిలిపి ఆ బలాన్ని పెడల్‌కి అందిస్తాయి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి ముందు భాగం మీద భారం పెరుగుతుంది. మరీ పైకి ఉంటే నడుము అటూ ఇటూ ఊగుతుంది, మోకాలి వెనక లాగుతుంది.

సులువైన పద్ధతి ఒకటుంది. పెడల్ అడుగుకి వచ్చినప్పుడు మడమ పెట్టి చూడండి, కాలు నిటారుగా ఉండాలి. తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొంచెం వంగుతుంది. ఆ వంపు 25 నుంచి 35 డిగ్రీలు ఉంటే బాగున్నట్టే. ఫోన్‌ని పక్కనుంచి పెట్టి స్లో మోషన్ వీడియో తీస్తే తెలిసిపోతుంది.

5. స్ప్రింట్ ఎంతసేపు?

మొదటి 10 సెకన్ల స్ప్రింట్‌కి కండరంలో రెడీగా ఉన్న శక్తి సరిపోతుంది. తర్వాత నిమిషం, రెండు నిమిషాల దాకా గ్లూకోజ్‌ని గబగబా విరగ్గొట్టే పద్ధతిదే పెద్ద పాత్ర. ఆపైన భారం ఎక్కువగా ఆక్సిజన్ మీదే. మూడూ ఎప్పుడూ కలిసే పనిచేస్తాయి, వాటా మారుతుందంతే. అందుకే ఐదు నిమిషాలు ఫుల్ స్ప్రింట్ చేయమనడం అర్థం లేని మాట. మర్నాటి ఒళ్లునొప్పులకి లాక్టిక్ యాసిడ్ కారణమన్నది కూడా పాత నమ్మకమే. లాక్టేట్‌ని గుండె, కండరాలు ఇంధనంగా వాడేసుకుంటాయి.

కాలరీల సంగతి కూడా చెప్తా. పవర్ మీటర్ ఉంటే వాచీ చూపే కాలరీలు కాకుండా కిలోజౌళ్లు చూడండి. 150 వాట్లతో అరగంట తొక్కితే 270 కిలోజౌళ్ల పని. పైన చెప్పిన 20, 25 శాతం లెక్క వల్ల ఖర్చయిన కిలోకాలరీలు కూడా దాదాపు అంతే వస్తాయి.

ఇప్పుడు నేను పాటించేవి

* సైకిల్ ఎక్కకముందే అడుగుతా: బీపీ, షుగర్, గుండె సమస్య ఉందా? ఏ టాబ్లెట్లు వాడుతున్నారు? ఉంటే ముందు డాక్టర్ మాట.
* వార్మప్ 10 నిమిషాలు.
* చివర్లో కనీసం 5 నిమిషాలు తేలిగ్గా తొక్కాలి. కాళ్ల కండరాలు పంపులాగా రక్తాన్ని పైకి నెడతాయి. టక్కున ఆపితే రక్తం కాళ్లలోనే ఉండిపోయి కళ్లు తిరగొచ్చు. ఆరోజు నేను బాబాయి చేత ఇది కూడా చేయించలేదు.
* నంబర్ కంటే మాట ముఖ్యం. పూర్తి వాక్యం మాట్లాడగలిగితే తేలిక. రెండు మూడు మాటలకే ఆయాసం వస్తే గట్టిగా తొక్కుతున్నట్టు.
* స్వీడన్ సైకాలజిస్ట్ గున్నార్ బోర్గ్ తయారుచేసిన 6 నుంచి 20 స్కేల్‌లో ఎంత కష్టంగా ఉందో మనిషే చెప్పాలి. 13 అంటే కొంచెం కష్టం. బీటా బ్లాకర్ వాడేవాళ్లకి ఇలాంటి కొలతే నయం.
* ఛాతీలో నొప్పి, బిగుతు, ఎడమ చెయ్యో దవడో లాగడం, మామూలుగా లేని ఆయాసం ఉంటే వెంటనే ఆపి 108కి ఫోన్ చేయాలి. వాచీ ఏం చూపించినా సరే.

కొత్త వాచీ కొనొద్దని కాదు, నేనూ కొంటా. కాకపోతే వాచీ చూసేది మణికట్టు దగ్గర రక్తాన్ని మాత్రమే. టాబ్లెట్ సంగతి, గదిలో ఉక్క, సీటు ఎత్తు దానికి తెలియవు. అవి చూసుకోవాల్సింది పక్కనున్న మనమే. బాబాయి డాక్టర్‌ని అడిగి మళ్లీ తొక్కుతున్నాడు. ఇప్పుడు నేను మధ్యమధ్యలో ఆయన్ని మిర్చి రేటు అడుగుతుంటా. గుక్క తిప్పుకోకుండా చెప్పాడంటే ఇంకో పాయింట్ రెసిస్టెన్స్ పెంచుతా. లేదంటే తగ్గిస్తా.