సీటు వచ్చాక ఏం చేశారు? నంద్యాల ‘పైపుల రెడ్డి’ జీవితం



పేరెంట్ మీటింగుల్లో మేం తరచుగా వినే ప్రశ్న ఒకటుంది. “మా వాడికి ఎన్‌ఐటీలో సీటు వస్తుందంటారా మేడమ్?” అడగాల్సిన ప్రశ్నే. ఫీజు కట్టేది మీరు, తెల్లవారుజామున లేపి కూర్చోబెట్టేది మీరు. దాని పక్కన ఇంకో ప్రశ్న కూడా ఉండాలి. సీటు వచ్చాక, ఉద్యోగం వచ్చాక, ఆ చదువుతో మన పిల్లలు ఏం చేస్తారు? ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి దూరం వెళ్లనక్కర్లేదు. కడప జిల్లాలో పుట్టి, నంద్యాలలో స్థిరపడిన ఎస్పీవై రెడ్డి గారి జీవితాన్ని ఈ నెల పిల్లలతో కలిసి చదవండి.

పల్లె నుంచి ట్రాంబే దాకా

ఎస్పీవై రెడ్డి గారు 1950 జూన్ 4న కడప జిల్లా సింహాద్రిపురం మండలంలోని అంకాలమ్మగూడూరులో పుట్టారు. వరంగల్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివారు. ఇప్పుడు మనం ఎన్‌ఐటీ వరంగల్ అంటున్నది ఆ కాలేజీనే. తర్వాత బొంబాయిలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో, అంటే ట్రాంబేలోని బార్క్‌లో, సైంటిఫిక్ ఆఫీసర్‌గా చేరారు.

ఆ రోజుల్లో మన పల్లెల్లో ఒక పిల్లవాడు ఇంతవరకు చేరితే ఇంట్లోవాళ్లు ఇక నిశ్చింతగా ఉండొచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, పెన్షన్, గౌరవం అన్నీ ఉన్నాయి. ఆయన మాత్రం 1977లో ఆ ఉద్యోగం వదిలేసి సొంతంగా పరిశ్రమ పెట్టే పనిలో పడ్డారు. మొదట రైతులకు బాగా తెలిసిన నల్ల పైపులు, ఆ తర్వాత 1984లో నంద్యాల కేంద్రంగా ‘నంది’ పేరుతో పీవీసీ పైపులు తయారు చేశారు. ‘సుజల’ పైపులు కూడా ఈ గ్రూపువే. జనం ఆయన్ను ‘పైపుల రెడ్డి’ అని పిలవడం మొదలుపెట్టారు.

పైపే ఎందుకు?

ఇక్కడ మన నేల గురించి ఆలోచించాలి. 1860లలో తవ్విన కె.సి. కాలువ సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు తీసుకుని నంద్యాల మీదుగా కడప వైపు వెళుతుంది. ఆ కాలువ కింద వరి పండుతుంది. కాలువకు దూరంగా ఉన్న ఊళ్లకు వానే ఆధారం, లేదంటే బోరే ఆధారం. బోరులో పడిన కాసిన్ని నీళ్లను మట్టి కాలువలో పారిస్తే సగం దారిలోనే కొంత నేలలోకి ఇంకుతుంది, కొంత ఎండకు ఆవిరవుతుంది. ఇనుప పైపు వేద్దామంటే బరువు, ఖర్చు, పైగా తుప్పు. పీవీసీ పైపు తేలిక, తుప్పు పట్టదు, ఇద్దరు మనుషులు భుజాన వేసుకుని చేలోకి తీసుకెళ్లగలరు. బార్క్‌లో పనిచేసిన ఇంజనీరు మన చేలకు కావలసిన వస్తువును ఎంచుకున్నారు. ఆయన వ్యాపారం నిలబడటానికి ఇది ఒక ముఖ్య కారణం అని నాకనిపిస్తుంది.

పదో తరగతి పిల్లలకు ఇందులో వాళ్ల కెమిస్ట్రీ పాఠమే కనిపిస్తుంది. పీవీసీ బరువులో సుమారు 57 శాతం క్లోరిన్. ఆ క్లోరిన్ వచ్చేది ఉప్పునీటి నుంచి, వాళ్లు చదివే క్లోర్-ఆల్కలీ పద్ధతిలోనే. తెల్లటి పీవీసీ పొడిని ఇతర పదార్థాలతో కలిపి, వేడిచేసి, మరలాంటి స్క్రూతో అచ్చులోంచి నెడతారు. గొట్టం ఆకారంలో బయటికి వచ్చినదాన్ని నీళ్లతో చల్లార్చి, కొలత ప్రకారం కోస్తారు. ఎండ తగులుతూ ఉంటే పీవీసీ కాలక్రమంలో పెళుసుబారుతుంది. రైతులు దాన్ని నేలలో పూడ్చడానికి ఇదీ ఒక కారణం.

రూపాయికి రొట్టె, కూర

నంద్యాలలో ఆయన పేరు చెబితే చాలామందికి పైపుల కంటే ముందు గుర్తొచ్చేది రూపాయికే రొట్టె, కూర. పేదలు, కూలిపనికి వచ్చినవాళ్లు రూపాయి ఇచ్చి కడుపు నింపుకునే ఏర్పాటు చేశారు.

ఆకలి తీర్చినవాళ్లను తరతరాలు గుర్తుపెట్టుకోవడం ఈ నేలకు కొత్త కాదు. 1866 కరువులో ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి గారు వేలమందికి గంజి, అన్నం పెట్టారు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. వెంగళరెడ్డి గారిది కరువు కాలం, వచ్చినవాళ్లందరికీ ఉచితంగా పెట్టారు. ఎస్పీవై రెడ్డి గారి రొట్టెకు ఒక రూపాయి ధర ఉంది. రూపాయితో ఖర్చు తీరదు. కానీ ఇచ్చి తిన్నవాడు అడుక్కుతిన్నట్టు తలవంచుకోనక్కర్లేదు. ఉచితంగా పెట్టడం మంచిదా, కొద్దిపాటి ధర పెట్టడం మంచిదా అని మీ పిల్లలను అడిగి చూడండి. మంచి చర్చ నడుస్తుంది.

రాజకీయం సంగతి

మొదట పోటీ చేసిన ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. తర్వాత నంద్యాల మునిసిపల్ చైర్మన్ అయ్యారు. 1977లో నీలం సంజీవరెడ్డి గారిని, 1991 ఉపఎన్నికలో ప్రధానిగా ఉన్న పి.వి. నరసింహారావు గారిని లోక్‌సభకు పంపిన నంద్యాల, 2004, 2009, 2014లలో వరుసగా మూడుసార్లు ఎస్పీవై రెడ్డి గారిని గెలిపించింది. తొలి రెండుసార్లు కాంగ్రెస్ నుంచి, మూడోసారి వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి గెలిచారు. 2014 గెలుపు తర్వాత కొద్దిరోజులకే తెలుగుదేశం వైపు వెళ్లారు. 2019లో జనసేన అభ్యర్థిగా పోటీ చేశారు. ఏప్రిల్ 11న పోలింగ్ జరిగింది. మే 23న ఫలితాలు రాకముందే, ఏప్రిల్ 30న హైదరాబాద్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 68 ఏళ్లు.

ఒక పార్టీ గుర్తుపై గెలిచి మరో పార్టీలోకి వెళ్లడం సరైనదేనా? రాజకీయాల్లో ఉన్నవాళ్లు చేసే దానం సేవా, ఓటు కోసమా? పెద్ద తరగతుల పిల్లలు ఈ ప్రశ్నలు తప్పకుండా అడుగుతారు. ‘నీకెందుకు’ అని నోరు మూయించకండి. ఒక మనిషి చేసిన మేలును మెచ్చుకుంటూనే ఆయన నిర్ణయాలను ప్రశ్నించవచ్చని తెలియాల్సిన వయసు అదే. సివిక్స్ పాఠంలో ఫిరాయింపుల నిరోధక చట్టం గురించి చదివేటప్పుడు ఈ ఉదాహరణ పనికొస్తుంది.

ఈ నెల ఇంట్లో చేయండి

• చేలోనో, మిద్దె మీదనో ఉన్న పీవీసీ పైపు దగ్గరికి పిల్లలను తీసుకెళ్లండి. దానిపై అచ్చువేసిన అక్షరాలు చదివించండి. కంపెనీ పేరు, మిల్లీమీటర్లలో వ్యాసం, తట్టుకోగల ఒత్తిడి కనిపిస్తాయి. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4985 అనే నంబరు ఉన్నాయేమో వెతకమనండి. నీటి సరఫరా పీవీసీ పైపులకు మన దేశ ప్రమాణం అదే.

• 2 అంగుళాల పైపు, 4 అంగుళాల పైపు లోపలి వైశాల్యాలు లెక్కకట్టమనండి. వ్యాసం రెండింతలైతే వైశాల్యం నాలుగింతలవుతుందని వాళ్లే కనుక్కుంటారు.

• “మన ఊరికి ఇప్పుడు ఏ వస్తువు, ఏ పని అవసరం? నువ్వు చదివే చదువుతో దాన్ని చేయగలవా?” అని అడగండి. తెలుగులోనో, ఇంగ్లిష్‌లోనో పది వాక్యాలు రాయించి క్లాస్ టీచర్‌కు పంపండి.

అందరూ ఉద్యోగాలు మానేసి పరిశ్రమలు పెట్టాలని కాదు. బార్క్‌లో ఉండిపోయినవాళ్లూ దేశానికి పనిచేసినవాళ్లే. పిల్లవాడు ర్యాంకు కోసం కష్టపడుతున్నప్పుడే, ఆ చదువు ఎవరికి ఉపయోగపడాలో కూడా ఇంట్లో అప్పుడప్పుడు మాట్లాడండి. రాత్రి అన్నం తినేటప్పుడు పది నిమిషాలు చాలు.