నిలువుగా కోసి, అడ్డంగా కుట్టి

పేగు ఆపరేషన్ అయి ఆరు నెలలు దాటింది. మనిషి తేరుకున్నాడు. తిన్నది ఒంటబడుతోంది. రాత్రిళ్లు కడుపు పట్టుకుని లేచి కూర్చోవడం లేదు. అయినా డాక్టరు కొలనోస్కోపీకి రమ్మన్నారు. కెమెరా పెద్దపేగు అంతా దాటుకుని, అప్పట్లో కుట్లు వేసిన అతుకు దగ్గరికి చేరింది. అక్కడిదాకా అంతా శుభ్రంగానే ఉంది. అతుకు దాటి చిన్నపేగులోకి తొంగిచూస్తే, ఎర్రటి పొర మీద చిన్న చిన్న తెల్లటి పుండ్లు. ఆపరేషన్ నాడు ఆ భాగం కంటికి ఆరోగ్యంగానే కనిపించింది. చెడిన పేగునంతా కోసి తీసేశారు. మరి ఈ పుండ్లు ఎక్కణ్నుంచి వచ్చాయి? వస్తే వచ్చాయి, సరిగ్గా అతుకు పక్కనే ఎందుకు వచ్చాయి?

క్రోన్స్ వ్యాధికి ఆపరేషన్ చేసే సర్జన్లను దశాబ్దాలుగా నిద్రపోనివ్వని ప్రశ్న ఇది. ఆపరేషన్ తర్వాత మందులేవీ వాడకుండా వదిలేస్తే, ఏడాది తిరిగేసరికి ఎక్కువమందిలో ఈ పుండ్లు కనిపిస్తాయి. నొప్పి, విరేచనాలు మాత్రం అప్పటికింకా మొదలవవు. అందుకే రోగికి తన పేగులో ఏం జరుగుతోందో తెలియదు. బెల్జియంలోని లూవెన్ నగరానికి చెందిన పాల్ రుట్‌గీర్ట్స్ బృందం 1990లో ఈ పుండ్లకు సున్నా నుంచి నాలుగు దాకా ఒక కొలమానం తయారుచేసింది. అంకె పెరిగేకొద్దీ జబ్బు లక్షణాలు త్వరగా తిరగబెడతాయి. ఇవాళ్టికీ ప్రపంచమంతా వాడుతున్న కొలత అదే.

ఎంత కోయాలి?

న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రి వైద్యులు బరిల్ క్రోన్, లియోన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఓపెన్‌హైమర్ 1932లో ఈ జబ్బును విడిగా గుర్తించి రాశారు. చిన్నపేగు చివరి భాగం వాచి, గోడ మందమై, దారి ఇరుకైపోతుంది. చెడిన ముక్క తీసేస్తే పీడ విరగడవుతుందన్న ఆశ మొదట్లో ఉండేది. జబ్బు తిరగబెడుతూ ఆ ఆశను నిలవనివ్వలేదు.

కొన్నాళ్లు బైపాస్ పద్ధతి నడిచింది. చెడిన పేగును కడుపులోనే వదిలేసి, దానికి ముందున్న మంచి పేగును తెచ్చి పెద్దపేగుకు కలిపేసేవారు. 1956 జూన్‌లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు పేగు మూసుకుపోయినప్పుడు చేసింది ఇలాంటి ఆపరేషనే. వదిలేసిన భాగంలో జబ్బు రగులుతూనే ఉంటుందని అనుభవంలో తేలాక ఆ పద్ధతి వెనకబడింది.

ఆ తర్వాత కొందరు సర్జన్లు రెండువైపులా మంచి పేగును కూడా బారుగా కలుపుకుని కోయడం మొదలుపెట్టారు. క్యాన్సర్‌కు చేసినట్టు చుట్టూ విశాలంగా తీసేస్తే మళ్లీ రాదని వారి నమ్మకం. ఆ నమ్మకాన్ని అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో విక్టర్ ఫాజియో బృందం పరీక్షకు పెట్టింది. కొందరికి జబ్బు అంచు నుంచి 2 సెంటీమీటర్లు, మరికొందరికి 12 సెంటీమీటర్లు వదిలి కోశారు. 1996లో ఫలితాలు వచ్చాయి. రెండు గుంపుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే అదనంగా పోగొట్టుకున్న పేగు వల్ల ఒరిగిందేమీ లేదు. బతుకంతా రెండు మూడు ఆపరేషన్లు తప్పకపోవచ్చు అనుకునే రోగికి ప్రతి సెంటీమీటరూ విలువైనదే. అందుకే క్రోన్స్‌లో కంటికి కనబడే జబ్బు వరకే తీయాలన్నది సూత్రమైంది.

కుర్తా చేయి చెప్పే పాఠం

అసలు కోయకుండానే ఇరుకును విప్పే దారి ఒకటుంది. ఇంట్లో పాత కుర్తా ఉంటే దాని చేయి తీసుకోండి. ముంజేతికి కొంచెం పైన, ఇరుకైన చోట, మూడు అంగుళాలు నిలువుగా చీల్చండి. చీలిక నడిమధ్యన రెండు అంచులనూ పట్టుకుని చెరోవైపుకు లాగండి. చీలిక గాలిపటం ఆకారంలో తెరుచుకుంటుంది. ఇంకాస్త లాగితే నిలువు చీలిక అడ్డ చీలిక అయిపోతుంది. అలాగే అడ్డంగా కుట్టేయండి. చేయి పొడవు కాస్త తగ్గుతుంది, ఇరుకైన చోటు మాత్రం వెడల్పవుతుంది. గుడ్డ ఒక్క పీలిక కూడా పోలేదు.

పేగు మీద ఇదే పని చేయడాన్ని స్ట్రిక్చరోప్లాస్టీ అంటారు. క్రోన్స్ కథలో మన దేశం పేరు గర్వంగా చెప్పుకోవలసిన చోటు ఇది. చండీగఢ్ పీజీఐలో ఆర్.ఎన్. కటారియా బృందం పేగు టీబీ వల్ల ఇరుకైన పేగులకు ఈ పద్ధతి వాడి, 1977లో ప్రచురించింది. దాన్ని చూసి ఆక్స్‌ఫర్డ్‌లో ఎమాన్యుయెల్ లీ క్రోన్స్ రోగులకు చేసి, 1982లో ఫలితాలు రాశారు. పేగును కాపాడుకోవాలన్న ఆలోచనకు ఆ తర్వాత ప్రపంచమంతటా మన్నన దక్కింది.

పేగు టీబీ, క్రోన్స్ రెండూ తిష్ఠ వేసేది ఎక్కువగా ఒకే చోట, చిన్నపేగు వచ్చి పెద్దపేగులో కలిసే మలుపు దగ్గర. అందుకే మన దగ్గర ఈ రెండింటినీ విడదీసి చెప్పడం పెద్ద డాక్టర్లకు కూడా కష్టమవుతుంది. టీబీని క్రోన్స్ అనుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మందులిస్తే ప్రమాదం. ఆపరేషన్‌కు ముందు ఏ జబ్బో తేల్చుకోవడంలో తొందరపడకపోవడమే మంచిది.

అతుకులో కిటుకు

ఇక మొదటి ప్రశ్నకొద్దాం. పుండ్లు అతుకు పక్కనే ఎందుకు? లూవెన్ వైద్యులే ఒక ఆధారం పట్టుకున్నారు. అతుకు వేశాక, దానికి పైనే పేగును తాత్కాలికంగా పొట్ట మీదికి తెరిచి, మలం అటువైపు వెళ్లకుండా చేసిన రోగుల్లో పుండ్లు రాలేదు. దారి తిరిగి కలిపాక వచ్చాయి. అంటే పేగులో పారే పదార్థం, అందులోని సూక్ష్మజీవులు ఈ మంటను రాజేస్తున్నాయి. అతుకు ఇరుకైతే పదార్థం అక్కడ నిలవ ఉండిపోతుంది. మరైతే అతుకును వెడల్పు చేస్తే సరిపోతుందా? కెనడా సర్జన్ రాబిన్ మెక్‌లియోడ్ బృందం చివరలు ఎదురెదురుగా కలిపే పాత పద్ధతినీ, స్టేప్లర్‌తో పక్కపక్కన కలిపే వెడల్పాటి పద్ధతినీ పోల్చింది. 2009లో వచ్చిన జవాబు నిరాశపరిచింది. పుండ్లు తిరిగి రావడంలో రెండూ ఇంచుమించు సమానమే.

అప్పుడు చూపు మెసెంటరీ మీదికి మళ్లింది. పేగును వెనక గోడకు పట్టి ఉంచి, రక్తనాళాలనూ నరాలనూ మోసుకొచ్చే కొవ్వు పొర అది. క్రోన్స్‌లో ఈ కొవ్వు పెరిగి పేగు చుట్టూ పాకుతుంది. పొడవాటి పుండ్లు కూడా ఎక్కువగా ఈ పొర అతుక్కున్న వైపే పుడతాయి.

జపాన్‌లోని అసహికావాలో తోరు కోనో 2003లో ఒక కొత్త అతుకు మొదలుపెట్టారు. ముందు పేగును స్టేప్లర్‌తో కోస్తారు. మెసెంటరీ వైపు ఆ కోత నడిమధ్యకు వచ్చేలా స్టేప్లర్‌ను తిప్పి పెడతారు. మూసుకున్న రెండు చివరలనూ ఒకదానికొకటి ఆనించి కుట్టేస్తే అది గట్టి దిమ్మలా నిలుస్తుంది. తర్వాత మెసెంటరీకి ఎదురుగా ఉన్న వైపు, రెండు పేగుల మీదా దాదాపు 7 సెంటీమీటర్ల మేర నిలువుగా కోసి, అడ్డంగా కలిపి కుడతారు. ఇందాకటి కుర్తా చేయే! అతుకు వెడల్పుగా ఉంటుంది, మెసెంటరీకి దూరంగా ఉంటుంది, దిమ్మ వెనక నుంచి ఆనుగా ఉండటంతో వంగదు, ముడుచుకోదు. దీన్నే కోనో-ఎస్ అంటారు.

ఇటలీలోని నేపుల్స్‌లో 79 మంది మీద దీన్ని స్టేప్లర్ అతుకుతో పోల్చారు. ఆరు నెలలకు కొలనోస్కోపీలో పుండ్లు తిరిగి కనిపించింది పాత పద్ధతిలో 62.8 శాతం మందికి, కోనో-ఎస్‌లో 22.2 శాతం మందికే. 2020లో వచ్చిన ఈ ఫలితం ఆశ కలిగించేదే. అయితే 79 చిన్న సంఖ్య, అదీ ఒక్క ఆసుపత్రిలోది. చేతికుట్టు కాబట్టి నేర్పూ, సమయమూ కావాలి. ఈ అంకెల్ని పట్టుకుని ఏ రోగికీ భరోసా రాసివ్వలేం.

అలాంటి జాగ్రత్త ఎందుకో మరో ప్రయోగం చూస్తే తెలుస్తుంది. ఐర్లండ్‌లోని లిమరిక్‌లో కాల్విన్ కాఫీ బృందం మెసెంటరీని పేగుతోపాటు విశాలంగా తీసేసి, పాత రికార్డులతో పోల్చింది. మళ్లీ ఆపరేషన్ అవసరం 40 శాతం నుంచి 2.9 శాతానికి పడిపోయిందని 2018లో రాసింది. ఆ అంకెలు చూసి ఎవరికి ఉత్సాహం రాదు? తర్వాత నెదర్లాండ్స్, ఇటలీ ఆసుపత్రుల్లో రోగుల్ని చీటీలు వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి పరీక్షించారు. 2024లో ఫలితం వచ్చింది. ఆరు నెలలకు పుండ్లు ఒక గుంపులో 42 శాతం, రెండోదాంట్లో 43. మెసెంటరీని పెద్దగా తీసినందుకు లాభం కనబడలేదు.

కుట్టు తర్వాత కాపలా

ఇన్నేళ్ల ఈ పోలికలన్నీ కలిపి ఒక మాట చెబుతున్నాయి. మంచి అతుకు రోగికి సమయం ఇస్తుంది. ఆ సమయాన్ని ఎలా వాడుకుంటామన్నదే మిగతా కథ. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 174 మంది మీద జరిగిన అధ్యయనంలో కొందరికి ఆరు నెలలకు కొలనోస్కోపీ చేసి, పుండ్లుంటే మందు పెంచారు. మిగతావారికి మందులిచ్చారు కానీ కెమెరాతో చూడలేదు. ఏడాదిన్నరకు చూస్తే ముందు గుంపులో 49 శాతం మందికి, రెండో గుంపులో 67 శాతం మందికి పుండ్లున్నాయి. తేడా తెచ్చింది ఆ ఆరో నెల చూపే. పొగ తాగేవారిలో జబ్బు తిరగబెట్టే ముప్పు దాదాపు రెట్టింపు. సిగరెట్ మానడం రోగి చేతిలోనే ఉన్న మందు. చిన్నపేగు చివర తీసేసినవారు బి12 విటమిన్ సంగతీ చూసుకోవాలి, దాన్ని ఒంటికి పట్టించేది ఆ భాగమే.

ఇదంతా విని ఆపరేషన్ అంటే భయపడనక్కర్లేదు. నెదర్లాండ్స్, బ్రిటన్‌లలో జరిగిన మరో అధ్యయనంలో, జబ్బు చిన్నపేగు చివర 40 సెంటీమీటర్ల లోపే ఉన్నవారిలో కొందరికి ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు ఇచ్చారు, కొందరికి కీహోల్ ఆపరేషన్ చేశారు. అయిదేళ్లకు పైగా గమనిస్తే, ఆపరేషన్ చేయించుకున్నవారిలో ఒక్కరికీ మరోసారి పేగు కోయాల్సిన అవసరం రాలేదు. మందు మొదలుపెట్టినవారిలో దాదాపు సగం మంది చివరికి ఆపరేషన్‌కే వచ్చారు. సరైన సమయంలో చేసే కోత ఓటమి కాదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ తప్పనిసరైతే సర్జన్ గారిని నాలుగు విషయాలు అడగండి. ఎంత పేగు తీస్తారు? ఇరుకు విప్పి కాపాడుకునే వీలుందా? అతుకు ఏ పద్ధతిలో వేస్తారు, అది వారి చేతికి బాగా అలవాటైనదేనా? ఇంటికెళ్లాక మందులెవరు చూస్తారు? జవాబులు విన్నాక ఇంకొక్క పని చేయండి. ఆరో నెల కొలనోస్కోపీ ఎప్పుడో డిశ్చార్జి కాగితం మీదే రాయించుకోండి. ఆ రోజుకు ఒంట్లో ఎంత బాగున్నా సరే, వెళ్లండి.