ఇది సైకిలా, బండా?

"ముందు నాకో సంగతి చెప్పు బాబూ. ఇది సైకిలా, బండా?"

పోయిన ఏప్రిల్‌లో మా ఊరి దగ్గర పోలీస్ స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ గారు నన్ను అడిగిన ప్రశ్న ఇది. నాకు ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఉంది. సమాధానం మాత్రం లేదు. పక్కన బెంచీ మీద నాన్న తల వంచుకుని కూర్చున్నాడు. మోచేతికి కట్టు. బయట వేపచెట్టు కింద ఆయన పాత నల్ల సైకిల్. వెనక చక్రంలో లావుపాటి మోటారు, మధ్య రాడ్డుకి బ్యాటరీ పెట్టె. రెండూ నేను బిగించినవే.

మాది తెనాలి వైపు పల్లెటూరు. నాన్నకి 61 ఏళ్లు. పొలం ఇంటికి ఆరు కిలోమీటర్లు, దారంతా కాలువ కట్ట. జీవితంలో మోటార్ సైకిల్ ముట్టుకోలేదు. "ఆ గేర్లూ క్లచ్చులూ నాకెందుకురా, సైకిల్ చాల్లే" అనేవాడు. రెండేళ్లుగా మోకాళ్లు మొరాయిస్తున్నాయి. ఎదురుగాలి రోజున సగం దూరం దిగి నడిపించుకుంటూ వస్తాడని అమ్మ ఫోన్‌లో చెప్పింది. వెంటనే ఆన్‌లైన్‌లో ఎలక్ట్రిక్ కిట్ ఆర్డర్ పెట్టేశా. 14 వేలు. ఆ పేజీలో పెద్ద అక్షరాలతో ఉంది: "లైసెన్స్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఇన్సూరెన్స్ అక్కర్లేదు." నమ్మేశా. ఆఫీసులో ఎవరైనా డాక్యుమెంటేషన్ చదవకుండా కోడ్ వాడితే తిట్టేది నేనే.

సంక్రాంతి సెలవుల్లో యూట్యూబ్ చూస్తూ వాకిట్లో కూర్చుని బిగించా. కంట్రోలర్ నుంచి తెల్లటి వైరు ఒకటి వస్తుంది. అది తగిలించి ఉంటే స్పీడు 25 దగ్గర ఆగుతుంది, పీకేస్తే ఆగదు. వీడియోలో కుర్రాడు పీకేశాడు. నేనూ పీకేశా. నాన్న హ్యాండిల్ దగ్గరి యాక్సిలరేటర్ తిప్పి రోడ్డు చివరిదాకా వెళ్లొచ్చి నవ్విన నవ్వు ఇప్పటికీ గుర్తుంది. గంటకి 35 దాటింది. మా వీధిలో రెండు రోజులు నేనే హీరో.

ఏప్రిల్లో ఒక సాయంత్రం, కాలువ తూము దగ్గర, బంతి కోసం తొమ్మిదేళ్ల పిల్లాడు అడ్డంగా పరుగెత్తాడు. నాన్న బ్రేక్ వేశాడు. కానీ అవి పెడల్ తొక్కే వేగానికి చేసిన పాత రబ్బరు బ్రేకులు. పిల్లాడికి మణికట్టు విరిగింది. నాన్నే ఎత్తుకుని ఆటోలో తెనాలి తీసుకెళ్లాడు. ఆస్పత్రి ఖర్చు 38 వేలు. వాళ్లు మా వెనక వీధి వాళ్లే, మంచివాళ్లు, కేసు పెట్టలేదు. కానీ ఎవరో స్టేషన్‌కి ఫోన్ చేశారు. అందుకే ఆ బెంచీ.

"బండి అయితే కాగితాలు చూపించండి. సైకిల్ అయితే అంత స్పీడు ఎలా వెళ్లిందో చెప్పండి" అన్నారు హెడ్ కానిస్టేబుల్ గారు. ఆయన తప్పుగా ఏమీ అడగలేదు. మోటారు పీకేస్తానని ఒప్పుకున్నాక వదిలేశారు. ఇంకోసారి రోడ్డు మీద కనిపిస్తే సీజ్ చేస్తామన్నారు.

ఆ రాత్రి కూర్చుని అసలు చట్టంలో ఏముందో చదివా. జనవరిలో చేయాల్సిన పని.

కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లో బ్యాటరీ వాహనం అంటే ఏంటో చెప్పే చోటే ఒక మినహాయింపు ఉంది. మోటారు అరగంట పాటు నిలకడగా ఇచ్చే పవర్ 250 వాట్ల లోపు ఉండాలి. గరిష్ఠ వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉండాలి. పెడల్‌కి సాయం చేసే రకం సైకిలైతే వేగం పెరిగేకొద్దీ మోటారు బలం తగ్గుతూ 25 దగ్గర ఆగిపోవాలి, తొక్కడం ఆపితే అంతకుముందే ఆగాలి. సరైన బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టర్, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉండాలి. ఇవన్నీ ఉంటే అది మోటారు వాహనం కిందకి రాదు. లైసెన్స్, నంబర్ ప్లేట్, ఇన్సూరెన్స్ ఏవీ అక్కర్లేదు.

ఇంతవరకు చాలామందికి తెలుసు. అమ్మేవాళ్లు చెప్పేదీ ఇంతే. అదే వాక్యంలో ఉన్న ఇంకో మాట మాత్రం ఎవరూ చెప్పరు: ఈ షరతులు ఉన్నాయని ప్రభుత్వం గుర్తించిన పరీక్షా సంస్థ చూసి ధ్రువీకరించాలి. పుణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటివి. అంటే మినహాయింపు మోటారు మీది స్టిక్కర్‌తో రాదు, సర్టిఫికెట్‌తో వస్తుంది. కంపెనీ తన ఈ-సైకిల్ మోడల్‌ని పంపించి పరీక్ష చేయించుకుంటుంది. మా వాకిట్లో స్పానర్‌తో తయారైన సైకిల్‌ని ఎవరు పరీక్షించారు?

నా కిట్ మీద "250 వాట్లు" అనే ఉంది. బ్యాటరీ 48 వోల్టులు, కంట్రోలర్ మీద 15 ఆంపియర్లు. ఆరో క్లాసు గుణకారం చేస్తే 720. అరగంట నిలకడ పవర్ లెక్క వేరే, అది నిజమే. కానీ 720 వాట్లు లాగగలిగే డబ్బా మీద 250 అని రాసి, వేగం ఆపే వైరుని చేత్తో పీకేసేలా పెట్టారంటే కొనేవాడు ఏం చేస్తాడో వాళ్లకి తెలుసన్నమాట.

ఆ యూట్యూబ్ వీడియోలు ఎక్కువగా అమెరికావి. అక్కడ చాలా రాష్ట్రాల్లో 750 వాట్ల మోటారున్నా, మోటారు మీద గంటకి 20 మైళ్లు, అంటే 32 కిలోమీటర్లు వెళ్లినా సైకిల్ కిందే లెక్క. డాలస్‌లో ఉన్న మీ అన్నయ్య హాయిగా తొక్కుతున్న కిట్టే గుంటూరు జిల్లాలో చట్టం ముందు మోటార్ సైకిల్ అవుతుంది. యూరప్‌లో దాదాపు మన లెక్కే, 250 వాట్లు, 25 కిలోమీటర్లు.

పెట్రోల్ కిట్ల సంగతి ఇంకా తేలిక. మా ఆఫీసులో ఒకడు గేర్ సైకిల్‌కి 80 సీసీ ఇంజిన్ బిగించుకొచ్చాడు. పార్కింగ్‌లో అందరూ సెల్ఫీలే. 1988 మోటారు వాహనాల చట్టం నాలుగు చక్రాల కంటే తక్కువున్న వాటిలో 25 సీసీ దాటని ఇంజిన్‌ని మాత్రమే వదిలేసింది. 49 సీసీ అయినా, 80 అయినా అది మోటారు వాహనమే. "పెడల్స్ ఉన్నాయి కదరా" అంటాడు మావాడు. మన నాన్నల కాలంలో లూనాకీ, టీవీఎస్ ఫిఫ్టీకీ కూడా పెడల్స్ ఉండేవి. వాటికి నంబర్ ప్లేటూ ఉండేది.

సరే, బండే అనుకుందాం. రిజిస్ట్రేషన్ చేయించేస్తే గొడవ వదిలిపోతుంది కదా? నేనూ అదే అనుకున్నా. రవాణా శాఖలో పనిచేసి రిటైరైన దూరపు బంధువు ఒకాయన్ని పట్టుకున్నా. ఆయన టీ తాగుతూ ఓపిగ్గా చెప్పారు.

"ఫారం 20 నింపుతావు, బాగానే ఉంది. ఫారం 21 అంటే అమ్మినట్టు డీలర్ ఇచ్చే సర్టిఫికెట్. ఎవరిస్తారు? ఫారం 22 అంటే రోడ్డుకి పనికొస్తుందని తయారీదారు ఇచ్చే సర్టిఫికెట్. ఎవరిస్తారు?"

"సైకిల్ కంపెనీ…"

"వాళ్లు మోటారు పెట్టలేదు కదరా."

"కిట్ కంపెనీ…"

"వాళ్లు సైకిల్ చేయలేదు. ఇక మిగిలింది నువ్వే. నువ్వు తయారీదారువా? అయితే నీ మోడల్‌ని పరీక్షకి పంపించి ఆమోదం తెచ్చుకో. ఛాసిస్ నంబర్ కూడా కొట్టించు."

పాత పెట్రోల్ స్కూటర్‌ని ఎలక్ట్రిక్‌గా మార్చుకోవడానికి ఆమోదం ఉన్న కిట్లతో ఒక దారి ఉంది. కానీ అది ముందే ఆర్‌సీ ఉన్న బండికి. సైకిల్‌కి ఆర్‌సీయే లేనప్పుడు మార్పు దేంట్లో రాస్తారు? తెలంగాణలో 2024 నవంబరు నుంచి ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేశారని మావాళ్లు గుర్తుచేశారు. ఫీజు సంగతి తర్వాత, ముందు రిజిస్టర్ అవ్వాలి కదా.

ఇన్సూరెన్స్ వైపు ప్రయత్నం ఐదు నిమిషాల్లో ముగిసింది. యాప్ తెరవగానే బండి నంబర్ అడిగింది. కొత్త బండి అని నొక్కితే కంపెనీ, మోడల్ ఎంచుకోమంది. తర్వాత ఛాసిస్ నంబర్. నేను అక్కడే ఆగిపోయా. కస్టమర్ కేర్ అమ్మాయి కూడా పాపం చాలా మర్యాదగా "సర్, మీది ఏ వెహికల్?" అని మూడుసార్లు అడిగింది. ఒకవేళ ఎలాగోలా పాలసీ దొరికినా ఊరట లేదు. సరైన రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డు మీద బండి నడపడం పాలసీ షరతులకే విరుద్ధమని 2014లో ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ యజమానికి క్లెయిమ్ రాలేదు.

జరిమానాల లెక్క కూడా వేశా. 2019 సవరణ తర్వాత కేంద్ర చట్టం ప్రకారం మొదటిసారి దొరికితే రిజిస్ట్రేషన్ లేనందుకు 5,000 దాకా, లైసెన్స్ లేనందుకు 5,000, ఇన్సూరెన్స్ లేనందుకు 2,000. మొత్తం 12 వేలు. లైసెన్స్ లేని మనిషికి బండి ఇచ్చిన యజమానికి వేరే సెక్షన్ ఉంది. బిల్లు నా పేరు మీదే ఉంది కాబట్టి అది నాకు.

నిజం చెప్పాలంటే ఈ 12 వేలు నన్ను భయపెట్టలేదు. నన్ను నిద్రపోనివ్వనిది వేరే లెక్క. పిల్లాడికి మణికట్టు బదులు తలకి తగిలి ఉంటే? మామూలు స్కూటర్ గుద్దితే బాధితుల కుటుంబం మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌కి వెళ్తుంది. థర్డ్ పార్టీ పాలసీ ఉంటుంది కాబట్టి ప్రాణనష్టానికీ గాయాలకీ ట్రైబ్యునల్ ఎంత చెప్తే అంత ఇన్సూరెన్స్ కంపెనీ కడుతుంది. ఆ పాలసీని తప్పనిసరి చేసింది నడిపేవాడి కోసం కాదు, రోడ్డు మీద నడిచేవాడి కోసం. మా సైకిల్‌కి ఆ పాలసీ లేదు, రాదు. ట్రైబ్యునల్ లక్షల్లో చెప్తే నాన్న ఎకరంన్నర పొలం అమ్మాలి. అమ్మినా చాలకపోతే ఆ పిల్లాడి ఇంటికి మిగిలేది తీర్పు కాగితమే. 14 వేల కిట్‌తో నేను పణంగా పెట్టింది మా పొలం ఒక్కటే కాదు, వాళ్ల పిల్లాడికి దక్కాల్సిన డబ్బు కూడా.

నాన్న నెలన్నర పాటు సైకిల్ ముట్టుకోలేదు. పొలానికి ఎవరి బండి వెనకైనా ఎక్కి వెళ్లేవాడు, లేకపోతే నడిచేవాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బావుండేది.

జూన్‌లో ఫ్యాక్టరీలో తయారైన ఈ-సైకిల్ కొన్నా. షాపులో రంగు, బ్యాటరీ రేంజ్ ఏవీ అడగలేదు. "ఈ మోడల్ టెస్ట్ సర్టిఫికెట్ కాపీ చూపించండి" అన్నా. మొదటి రెండు షాపుల్లో నన్ను వింతగా చూశారు. ఒకాయన "మినిస్టర్ గారబ్బాయి కూడా ఇదే కొన్నారు సార్" అన్నాడు. మూడో షాపులో కంపెనీకి మెయిల్ పెట్టి తెప్పించారు. అందులో ఉన్న మోడల్ పేరు సైకిల్ మీద ఉన్న పేరుతో సరిపోయిందో లేదో చూసుకున్నా. మీరు కొంటుంటే ఈ ఒక్క పని మాత్రం మొహమాటపడకుండా చేయండి. "అన్‌లాక్ చేసిస్తాం, 40 వెళ్తుంది" అని షాపువాడే అంటే అక్కణ్నుంచి వచ్చేయండి. అన్‌లాక్ చేసిన నిమిషం నుంచీ ఆ సర్టిఫికెట్ మీ బండిది కాదు.

ఇది సైకిల్ కాబట్టి థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి కాదు. అంటే ఎవరికైనా దెబ్బ తగిలితే ఇప్పటికీ మా జేబే. ఈ ఖాళీ చట్టంలో అలాగే ఉంది. సైకిల్ పాలసీలు కొన్ని దొరుకుతున్నాయి గానీ నేను చూసినవి ఎక్కువగా దొంగతనానికీ డ్యామేజీకీ. ఎదుటి మనిషికి తగిలిన దెబ్బకి కడతారా లేదా అన్నది షరతుల్లో వెతికి చదువుకోవాల్సిందే. నాన్న వరకు బ్యాంకులో సురక్షా బీమా యోజన కట్టించా. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే 2 లక్షలు, 70 ఏళ్ల వరకు ఉంటుంది. అది ఆయనకే, ఎదుటివాళ్లకి కాదు. ఎదుటివాళ్లకి ఇప్పుడున్న రక్షణ 25 దగ్గర మోటారు ఆగిపోవడం, రెండు డిస్క్ బ్రేకులు, నాన్న భయం.

పాత కిట్ మియాపూర్‌లో నా గదిలో మంచం కింద అట్టపెట్టెలో ఉంది. నా రూమ్మేట్ వాళ్ల తమ్ముడి కోసం 8 వేలకి అడిగాడు. కాలేజీకి వెళ్లడానికట. ఆ అబ్బాయికి 16. ఇవ్వనన్నా. "నువ్వు వాడి మా వాడికి నీతులు చెప్తావేంటి" అన్నాడు. వారం రోజులు మాట్లాడలేదు.

నాన్న సర్టిఫికెట్ కాపీని లామినేషన్ చేయించి ముందు బుట్టలో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. తూము దగ్గరికి రాగానే మోటారు ఆపి దిగి నడిపిస్తాడని అమ్మ చెప్పింది. ఆ పిల్లాడు చెయ్యి బాగయ్యాక, నాన్న దిగడం చూసి పరుగెత్తుకొచ్చి సైకిల్ బెల్లు రెండుసార్లు కొట్టి పారిపోతున్నాడట.