ఇంటి ఖర్చు జాగాతోనే మొదలు
లద్దాఖ్‌లో ఇల్లు కట్టాలంటే సిమెంటు, ఇనుము కొండదారుల్లో చేరాలి. పనులు ఎక్కువగా వేసవిలోనే సాగుతాయి. అక్కడ ఖర్చు పెంచేవి దూరం, చలి. తెలంగాణలోని పటాన్‌చెరు, సంగారెడ్డి పారిశ్రామిక ప్రాంతంలో ఆ రెండు ఇబ్బందులూ లేవు. సామగ్రి, మేస్త్రీలు దగ్గర్లోనే దొరుకుతారు. అయినా కార్మికుడికి సొంతిల్లు అందనిది జాగా ధర వల్లే. ఇందిరమ్మ ఇళ్ల పథకం తొలి విడతలో 5 లక్షల రూపాయలు సొంత జాగా ఉన్నవారికే ఇచ్చారు. అద్దెగదిలో ఉండేవారికి ఆ సాయం చేరలేదు.

అందరికీ జాగా ఎక్కడిదని అడగవచ్చు. అంతస్తులుగా కడితే తక్కువ నేల చాలు: హైదరాబాద్ శివార్లలోని కొల్లూరులో 2023లో ప్రారంభమైన 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లే రుజువు. నగరంలో పనిచేసే పేదలకు అవి దూరమన్న విమర్శ న్యాయమైనదే. అందుకే పని ఉన్నచోటే ఇళ్లు కట్టాలి. పరిశ్రమలకు భూమి కేటాయించేటప్పుడే కార్మికుల ఇళ్లకూ వాటా తీయాలి.