మాట, బొమ్మ కలిసి నడవాలి

కణేకల్ చెరువు అవతలి గట్టున ఎవరో బట్టలు ఉతుకుతున్నారనుకోండి. బట్ట బండకు తగలడం ముందు కనబడుతుంది. చప్పుడు కాస్త ఆగి వినబడుతుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. వెలుతురు వేగం అంతకన్నా చాలా ఎక్కువ.

కంప్యూటర్ తెరను వీడియో తీసినప్పుడు కూడా మాట వెనకబడుతుంటుంది. దానికి కారణం వేరు. కంప్యూటర్ బొమ్మలను వేరుగా, మాటను వేరుగా పట్టుకుంటుంది. సెకనుకు 30 బొమ్మలు తీయాలి. పని ఎక్కువైతే కొన్ని తప్పిపోతాయి. బొమ్మల వరుస పొట్టిదవుతుంది. మాట నిడివి తగ్గదు. అందుకే బొమ్మ ముందు పోతుంది.

అయితే ఏం నష్టం? సంఘం అప్పు కట్టే పద్ధతిని వీడియోలో నేర్పుతున్నారు. "ఇక్కడ నొక్కండి" అనే మాట వచ్చేసరికి తెరమీద ఇంకో గుర్తు ఉంటుంది. అక్క దాన్నే నొక్కుతుంది. డబ్బు ఇంకొకరికి పోవచ్చు!

1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు సినిమాకు మాటలొచ్చాయి. సినిమావాళ్ళు క్లాప్ పలక కొడతారు. పలక మూసుకున్న బొమ్మనూ, 'టక్' చప్పుడునూ ఒకచోట కలుపుతారు.

మనమూ అలాగే చేద్దాం. వీడియో మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి మౌస్ గట్టిగా నొక్కండి. 'టక్' అనగానే తెరమీద గుర్తు మారాలి. రెండుచోట్లా తేడా ఒకటేనా? మాటను అంత ముందుకు జరిపితే చాలు. చివర్లో తేడా పెరిగిందా? అక్కర్లేని ప్రోగ్రాములు మూసి మళ్ళీ తీయండి.

పదిమందికి చూపేముందు మీరు చివరిదాకా చూడండి, వినండి.