పాట మారినా... దరువు ఆగదు!

మహబూబ్‌నగర్‌లో పెళ్లి బరాత్ అంటే డీజే మోగాల్సిందే. పాట మారుతుంది కానీ దరువు తెగదు, చిందేసే కాలు ఆగదు. ట్రాన్స్ సంగీతంలోని కిటుకూ అదే. 1990ల తొలినాళ్లలో జర్మనీలో ఊపందుకున్న ఈ సంగీతంలో మాటలు తక్కువ. నిమిషానికి దాదాపు 130-140 దరువులు! విడిగా ఒక్క పాట వింటే ‘ఇదేంటి, ఒకటే మోత’ అనిపించొచ్చు. అందుకే కొత్తవాళ్లకు డీజే మిక్స్ మేలు. ఒక పాట ముగుస్తుండగానే మరోదాన్ని అందులో కలిపేస్తూ, మెల్లగా మొదలుపెట్టి పతాకస్థాయికి తీసుకెళ్తాడు డీజే. పాల్ ఓకెన్‌ఫోల్డ్ ‘ట్రాన్స్‌పోర్ట్’(1998), 2004లో మొదలైన ఆర్మిన్ వాన్ బ్యూరెన్ ‘ఎ స్టేట్ ఆఫ్ ట్రాన్స్’ సంకలనాలు అలాంటివే. పిల్లల గదిలోంచి గంటసేపు ఇదే మోత వినిపిస్తే కోప్పడకండి, ఓసారి పక్కన కూర్చుని వినండి. అన్నట్టు, ఇయర్‌ఫోన్స్‌లో సౌండ్ మాత్రం తగ్గించమనండి. పాట మళ్లీ వినొచ్చు... మోతకు దెబ్బతిన్న వినికిడి తిరిగి రాదు!